ఆదివారం లైన్

ఫిబ్రవరి 3, సోమవారం

ఇవాళ పెద్ద డాక్టరు గదిలోకి పిలిచి ఫ్యాక్స్ పని నా నెత్తిన పెట్టాడు. నెత్తిన పెట్టానని ఆయన అనుకుంటున్నాడు. నాకైతే వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మా మూడు దవాఖానల్లోనూ తలా ఒక పాత ఫ్యాక్స్ మిషను. ఊరంతా ఫోన్లో ఫొటో తీసి పంపుకుంటున్న కాలంలో కూడా, బీమా కార్డు పేషెంట్ల ఆపరేషన్‌కి ఒప్పుకోవలసిన ఆ బొంబాయి బీమా కంపెనీకి డాక్టరు సంతకం పెట్టిన కాయితం ఫ్యాక్స్‌లోనే రావాలి. ఇంకోలా పంపితే చూడరు. ఇకమీదట ఎవరి మిషను వాళ్ళు వాడటం బంద్. మూడు చోట్ల కంప్యూటర్ల నుంచి పోయే ఫ్యాక్సులన్నీ గద్వాల సర్వర్లో వరుస కట్టి ఇక్కణ్ణుంచే బయటికి పోవాలట. ఎవరు పంపొచ్చు, ఎవరు పంపకూడదు, ఎవరిది ముందు, ఎవరిది వెనక, లైన్ దొరక్కపోతే ఎన్నిసార్లు తిప్పాలి, పోయిందా లేదా అనే కబురు ఎవరికి చేరాలి, అంతా నేనే రాసివ్వాలి.

"ఎవరికి పర్మిషన్ ఇయ్యాల్నో నీ ఇష్టం నిరోషా. నన్ను మళ్ళ మళ్ళ అడగకు," అన్నాడు.

నా ఇష్టమట. వనపర్తిలో ఇన్సూరెన్స్ డెస్కు తిరుపతిది. ఈ దవాఖానలో కంప్యూటర్ల ఉద్యోగంలో చేరి, ఎనిమిది నెలలుగా ఈ మాట కోసమే ఇక్కడ కూర్చున్నాను.

ఫిబ్రవరి 5

పర్మిషన్ల కాయితం తయారు చేశాను. నాగర్‌కర్నూల్‌కి ఉమేష్. గద్వాలలో నవీన్. వనపర్తికి శిల్ప. తిరుపతి పేరు రాయలేదు. ఇందులో సొంత కక్ష ఏమీ లేదు. ఒక బ్రాంచికి ఒక మనిషి చాలు.

వాడు నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. అయినా ఈ పుస్తకంలో వాడు అనే రాస్తాను. ఎదురుగా ఎలాగూ "తిరుపతి గారూ" అనాల్సి వస్తోంది. నేను వనపర్తి ఆఫీసులో కాలు పెట్టగానే వాడు లేచి నిలబడతాడు, "రాండ్రి మేడం" అంటాడు. ఆ లేవడం చూస్తే ఇంకా మండుతుంది.

మరిచిపోతానేమోనని కాదు, అయినా మళ్ళీ రాసుకుంటాను. మొన్నటి దసరాకు రెండేళ్ళ ముందటి దసరా. అది పోయిన నెలకి, శనివారం సాయంత్రం మగ్గం గుంటలో కూర్చున్న నాన్న కడుపు పట్టుకుని లేవలేకపోయాడు. గోపాలయ్య నేసిన చీర అంటే గద్వాలలో షావుకార్లు విప్పి కూడా చూసేవాళ్ళు కాదు, అలాగే తీసుకునేవాళ్ళు. అలాంటి మనిషి ఆటోలో నా ఒళ్ళో తల పెట్టి పసిపిల్లాడిలా ఏడ్చాడు. కోసే డాక్టరు వనపర్తిలోనే ఉంటాడంటే అక్కడికి తీసుకుపోయాం. అపెండిక్సు. చేనేత కార్డు ఉంది, భయం లేదనుకున్నాం. ఆదివారం పొద్దున తిరుపతి ఫ్యాక్స్ పంపానన్నాడు. బొంబాయి వాళ్ళు రాలేదన్నారు. వాడు ఒక చిన్న చీటీ చూపించాడు.

"ఓకే వచ్చిందంటే పోయినట్టేనమ్మా. ఆళ్ళే సూస్తలేరు."

మధ్యాహ్నం అదే మాట. సాయంత్రం అదే మాట. ఒప్పుకోలు రానిదే థియేటర్ తెరిచేది లేదన్నారు. సోమవారం శిల్ప వచ్చి పంపితే గంటలో జవాబొచ్చింది. అప్పటికి నాన్న లోపల అంతా చీము. మంగళవారం నాన్న లేడు.

వాడు పంపలేదు. ఇంకెవరిదో చీటీ చూపించి, కుర్చీలో కూర్చుని ఆదివారం గడిపేశాడు. ఇది నాకు మా నాన్న పేరు తెలిసినంత గట్టిగా తెలుసు.

ఫిబ్రవరి 8

నాగర్‌కర్నూల్ పోయొచ్చాను. ఉమేష్ మంచివాడే గానీ నోరు ఊరుకోదు. "ఫ్యాక్సంటే ఏందో తెల్వనోళ్ళు గూడ పర్మిషన్ కావాలంటున్నరు మేడం. మన క్యాంటీన్ ఆయన గూడ అడిగిండు, ఇడ్లీ రవ్వ ఆర్డర్ పెట్టనీకట," అన్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

వనపర్తి నుంచి పోయే ప్రతి ఫ్యాక్సు కబురూ నేరుగా పెద్ద డాక్టరు మెయిల్‌కి పోయేట్టు పెట్టాను. మిగతా రెండు చోట్లకి అక్కర్లేదు.

ఫిబ్రవరి 12

వనపర్తి. లైన్లు ఎలా ఉన్నాయో చూడాలని శిల్పను అడిగాను. ఫ్రంట్ డెస్కులో ఉండేది ఆమే, సోమవారం నుంచి శనివారం దాకా ఫ్యాక్సులు ఆమే పంపుతుంది.

"నా చేతితోని పంపితే అన్నీ పోతయి మేడం. ఆదివారం లైనే మంచిగుండదు. అది అందరికి తెల్సిందే."

"ఆదివారం ఎవరుంటరు?"

"తిరుపతన్న. నాకు సెలవు గద."

"లైన్‌కు ఆదివారం ఏమైతది?"

ఆ ప్రశ్నకి ఆఫీసులో తలా ఒక జవాబు. ఎక్స్చేంజీలో ఆదివారం సగమే నడుపుతారని ఒకరు. ఆదివారం చికెన్ షాపుల ఫ్రిజ్‌లన్నీ ఒక్కసారే తిరిగి లైన్‌ను గుంజుకుంటాయని వాచ్‌మన్. అందుకే ఇక్కడ ఆదివారం పంపింది సోమవారం శిల్ప మళ్ళీ పంపడం అలవాటట. ఎవరికీ ఇది వింతగా లేదు. తిరుపతి తల ఊపుతూ, "నేనే నాలుగుసార్లు కంప్లైంట్ రాసిన మేడం, ఎవరు పట్టించుకుంటలేరు," అన్నాడు.

ఏమీ ఎరగనట్టు ఎంత బాగా అన్నాడు!

ఫిబ్రవరి 13

ఆదివారం పని ఎగ్గొట్టి లైన్ మీద తోశాడు. అంతే. ఇంకేముంది?

ఫిబ్రవరి 17

టెలిఫోన్ వాళ్ళ లైన్‌మన్ భీమన్నను బతిమాలి నిన్న, ఆదివారమే, వనపర్తి లైన్ చూడమన్నాను. ఇవాళ సంతకం పెట్టి కాయితం ఇచ్చాడు. ఏ లోపమూ లేదు.

"లైన్‌కు ఆదివారం సోమవారం తెల్వదమ్మా. అది మనుషులకే," అన్నాడు.

కాయితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. వచ్చే ఆదివారం నేనే పోయి వాడి పక్కన నిలబడతాను. పంపకుండా పంపానని ఎలా అంటాడో నా కళ్ళ ముందు అననీ.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

పొద్దున్నే వనపర్తి చేరాను. ఆఫీసులో తిరుపతి ఒక్కడే ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. లైన్ పరీక్ష అని చెప్పి ఒక పేజీ నిండా అక్షరాలు ప్రింటు తీసి, గద్వాలకు ఫ్యాక్స్ కొట్టమన్నాను. గద్వాలలో నవీన్‌ను మిషను దగ్గర ఉండమని ముందే చెప్పి ఉంచాను.

తిరుపతి ఆ కాయితాన్ని రెండు చేతులతో తీసుకుని, అంచులు బల్లకు తట్టి సమం చేసి, కళ్ళకద్దుకున్నాడు. మిషన్‌లో పెట్టాడు. నంబర్లు ఒక్కొక్కటే పైకి చదువుతూ నొక్కాడు. కాయితం లోపలికి పోయింది, బయటికి వచ్చింది. చిన్న చీటీ వచ్చింది. ఓకే. చించి నా చేతికిచ్చాడు.

నాకు మతిపోయింది. నిజంగా పంపాడు. నేను చూస్తుండగా పంపాడు.

బయటికి పోయి నవీన్‌కు ఫోన్ చేశాను.

"వచ్చింది మేడం. తెల్లకాయితం. దీని మీద ఏమన్న రాయాల్నా?"

లోపలికి వచ్చి మిషను చూశాను. మొదటిసారి సరిగ్గా చూశాను. పక్కపక్కనే రెండు మిషన్లు. ఎడమ పక్కది జిరాక్సు, అందులో అక్షరాలు పైకి పెట్టాలి. కుడి పక్కది ఫ్యాక్సు, అందులో అక్షరాలు కిందికి పెట్టాలి. ఏ వైపు పెట్టాలో చెప్పే చిన్న బొమ్మ కాయితం పెట్టేచోటే అచ్చు వేసి ఉంటుంది. గద్వాల మిషన్‌కి ఉంది. ఇక్కడ ఆ బొమ్మ ఉండాల్సిన చోట అరచేయంత మేర బండారు పసుపు, గంధం, కుంకుమ. ఆయుధ పూజ నాడు పెట్టిన బొట్టు, దాని మీద ఏటేటా ఇంకో బొట్టు, ఎండి పెంకు కట్టింది. పూజ చేసిందాన్ని ఎవరు గీకుతారు? శిల్పకు ఆమె ముందున్నామె చేయి పట్టి నేర్పింది. తిరుపతికి ఎవరూ నేర్పలేదు. జిరాక్సులో పెట్టినట్టే ఇందులోనూ పెడుతున్నాడు. కాయితం వెనక వైపు, తెల్లటి వైపు, బొంబాయికి భద్రంగా పోతోంది. మిషను ఓకే అంటోంది. మిషన్‌ది కూడా తప్పు కాదు, పోయింది కదా.

మా నాన్నది కూడా ఇలాగే పోయింది.

"వచ్చిందా మేడం?" అని అడిగాడు.

"వచ్చింది," అన్నాను.

అబద్ధం కాదు.

"జూడున్రి, ఆదివారం గూడ లైన్ మంచిగనే ఉన్నది ఇయ్యాల," అని సంబరపడ్డాడు. ఛాయ్ తెప్పించాడు. తాగి వచ్చాను.

ఫిబ్రవరి 24

దొంగ అనుకున్నాను. దొంగ కాదు, మొద్దు. చల్లబడాలి కదా నేను? చల్లబడలేదు. దొంగకి తను చేసింది తెలుసు, రాత్రి పక్క మీద అయినా ఒకసారి గుచ్చుకుంటుంది. వీడికి అదీ లేదు. కార్తీకంలో దీపాలు పెట్టుకున్నాడు, బిడ్డ పెళ్ళి చేశాడు, నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. గోపాలయ్యను చంపింది తనేనని తెలిసిన క్షణంలో వాడి ముఖం ఎలా ఉంటుందో నేను చూడాలి. ఆ ముఖం నాది. రెండేళ్ళు ఆగాను దాని కోసం.

మార్చి 3 సోమవారం వనపర్తిలో మీటింగు. మూడు బ్రాంచిల వాళ్ళూ వస్తారు, పెద్ద డాక్టరు వస్తాడు, నేను ఫ్యాక్స్ ప్లాన్ చదవాలి. అప్పుడు ఆ మిషను బల్ల మీదికి తెప్పిస్తాను. తిరుపతి గారూ, అందరి ముందూ ఒకసారి పంపండి అంటాను. నవీన్‌ను ఫోన్లో గట్టిగా చదవమంటాను. తెల్లకాయితం మేడం, అంటాడు. అప్పుడు నేను నాన్న పేరు చెప్తాను.

శిల్పకి చెప్పలేదు. చెప్తే ఊరంతా చెప్తుంది.

మధ్యలో ఒక్క ఆదివారం ఉంది. ఏమవుతుంది? ఇన్నేళ్ళ నుంచీ నడవలేదా? సోమవారం శిల్ప ఎలాగూ మళ్ళీ పంపుతుంది.

ఫిబ్రవరి 26, శివరాత్రి

అమ్మ ఒక్కపొద్దు. పండ్లు కోస్తూ నన్ను చూసి, "ఏందే, మొకం ఎలిగిపోతుంది? నాకు చెప్పకుండ సంబంధమేమన్న కుదుర్చుకున్నవా?" అంది.

"అంతకంటె మంచిదే," అన్నాను.

మా అమ్మ నాగమణికి తెలియకుండా ఏదీ ఈ ఇంట్లో దాగదు. "మీ నాయిన ముచ్చటేనా? ఇడువు బిడ్డా. దేవుడు సూసుకుంటడు," అంది.

దేవుడు చూసుకుంటాడని ఊరుకునే ఓపిక అమ్మకుంది. నాకు లేదు. ఇవాళ గుళ్ళో కూడా అదే మొక్కాను, సోమవారం తొందరగా రావాలని.

ఫిబ్రవరి 28

ప్లాన్ ప్రింటు తీశాను. చదవాల్సిన మాటలు అద్దం ముందు రెండుసార్లు చదువుకున్నాను. నాన్న పేరు దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను, అది సరిచేసుకోవాలి.

మార్చి 2, ఆదివారం, మధ్యాహ్నం

తిరుపతి ఫోన్ చేశాడు.

"మేడం, జర పరేషాన్ ఉన్నది. బిజినేపల్లి పేషెంటు, బాలరాజు అని. పుణెల బిల్డింగుల కాడ పని జేస్తడు, శివరాత్రికి ఇంటికొచ్చిండు. హెర్నియా బిగుసుకపాయె. కంపెనోళ్ళు ఇచ్చిన కార్డు ఉన్నది. ఫ్యాక్స్ కొట్టిన, ఓకే వచ్చింది. బొంబాయోళ్ళు రాలేదంటున్నరు. ఆళ్ళ ఆడామె నా మీదికి వస్తుంది. ఏం జేయమంటరు?"

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. రెండేళ్ళ కింద నేను నిలబడ్డ చోట ఇవాళ ఎవరో నిలబడి వాడి మీదికి పోతోంది. పోనీ! ఇన్నాళ్ళకి ఒకరు కాలర్ పట్టుకునేవాళ్ళు దొరికారు. నాలుక చివర ఉన్న మాట దానంతట అదే వచ్చేసింది.

"ఓకే వచ్చిందంటే పోయినట్టే గద తిరుపతి గారూ."

"గట్లనే అనుకున్న మేడం," అన్నాడు.

తన మాట తనకే తిరిగి తగిలిందని వాడికి తెలిసి ఉండదు. నాకు తెలిసింది, చాలు. అన్నం బాగా తిన్నాను.

అదే రోజు, సాయంత్రం

మళ్ళీ రెండుసార్లు చేశాడు. తియ్యలేదు. ఆదివారం నాకూ సెలవే.

కాయితం తిప్పి పెట్టమని ఒక్క మాట అంటే అయిపోతుంది. అంటాను. రేపు అందరి ముందూ అంటాను. ఇప్పుడు ఫోన్లో చెప్తే "అవునా మేడం" అని తిప్పి పెట్టేసుకుంటాడు, అంతటితో సరి. ఇంత పెద్ద సంగతి అలా పోకూడదు.

పేషెంటుకు పర్వాలేదు. ఎవరినీ అడగలేదు గానీ పర్వాలేదనే అనుకుంటున్నాను. అందరికీ మా నాన్నకైనట్టే కాదు కదా. గట్టి మనిషే అయ్యుంటాడు, పని చేసుకునేవాడు.

అమ్మ పిలుస్తోంది.

మార్చి 3, సోమవారం

బాలరాజు పోయాడు.

వనపర్తి బస్టాండ్ నుంచి నడిచి వస్తుంటే దవాఖాన గేటు దగ్గర మనుషులు కనపడ్డారు. జీపులో ఒకరిని పడుకోబెట్టి దుప్పటి కప్పారు. మీటింగుకొచ్చిన ఉమేష్ నా చేయి పట్టి పక్కకి లాగి చెప్పాడు. పేగు కుళ్ళిపోయిందట. తెల్లవారుజామున పోయాడట. శిల్ప డ్యూటీ కంటే ముందే ఉరికొచ్చి కాయితం పంపింది. ఒప్పుకున్నట్టు జవాబు కూడా వచ్చిందట, ఆపరేషన్ చేసుకోండని.

మీటింగు ఆగలేదు. బల్ల మీద ఫ్యాక్స్ మిషను ఉంది. మీటింగు వేళకి బల్ల మీద పెట్టించమని శనివారమే ఫోన్ చేసి చెప్పింది నేనే. బండారు, కుంకుమ, అన్నీ అలాగే ఉన్నాయి. పెద్ద డాక్టరు ముఖం ఎర్రగా ఉంది. తిరుపతి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, చేతిలో చీటీలు. ఒకటి కాదు, ఐదారు. రాత్రంతా పంపుతూనే ఉన్నాడు.

"నేను పంపిన సార్. మీ కాళ్ళు మొక్కుత. జూడున్రి, అన్నిటికి ఓకే వచ్చింది," అంటున్నాడు.

"మరి ఆళ్ళకెందుకు రాలె? నిరోషా, నువ్వు చెప్పు. లైన్లన్నీ నువ్వే గద చూసింది. ఏంది కథ?"

అందరూ నా వైపు తిరిగారు. ఇదే నేను కోరుకున్న గది, ఇవే ఆ మనుషులు, మిషను ఎదురుగా ఉంది. ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. వచ్చాక దాని వెనకే ఇంకో మాట కనపడింది. నీకెప్పుడు తెలిసింది, అని అడుగుతారు.

"లైన్ సార్," అన్నాను. "ఆదివారం ఇక్కడ లైన్ బాగుండదు."

భీమన్న సంతకం పెట్టిన కాయితం నా సంచిలోనే ఉంది.

"అందుకే గద అన్నీ గద్వాలకు మార్చమన్నది! తొందరగా మార్చున్రి," అని పెద్ద డాక్టరు లేచిపోయాడు. ప్లాన్ ఎవరూ చదవమనలేదు. మొత్తం ఒప్పుకున్నారు.

మెట్ల దగ్గర తిరుపతి నా ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "మీ నాయిన పోయినప్పటి సంది నాకు లోపల ఒకటే రంధి తల్లీ. నాతోని ఏమన్న తప్పు జరిగిందేమోనని. మిమ్మల్ని చూస్తె లేచి నిలబడకుండ ఉండలేకపోయేటోన్ని. ఇయ్యాల మీ నోటితోనే లైన్ అన్నరు. నా పానం నిలబెట్టిన్రు," అన్నాడు.

నేను మెట్లు దిగి గేటు వైపు నడిచాను.

గేటు దగ్గర ఒకామె నా మెడలో ఐడీ కార్డు దారం పట్టుకుంది. బాలరాజు భార్య, నా ఈడే ఉంటుంది. బాలమణి అని ఎవరో పిలుస్తున్నారు, ఆమె వినడం లేదు.

"నువ్వు ఈడ్నే పని జేస్తవా? ఎవరు పంపిండ్రు ఆ కాయితం? పేరు చెప్పు. నాకింకేం వద్దు, ఒక్క పేరు చెప్పు. వాన్ని ఇడిసిపెట్టను."

ఆ గొంతు నాకు తెలుసు. పేరు కూడా తెలుసు. తిరుపతి అని నాలుగక్షరాలు అంటే నా రెండేళ్ళ పని ఆమే చేసి పెట్టేది.

"నాకు తెల్వదమ్మా," అన్నాను.

మార్చి 4

మళ్ళీ వనపర్తి పోయాను. ఎవరూ రమ్మనలేదు. బ్లేడు తీసుకుని మిషను మీది బొట్టు గీకడం మొదలుపెట్టాను. శిల్ప హడలిపోయింది. "అయ్యో మేడం, పూజ చేసింది గీకొద్దు, అరిష్టం!" అంది. పెంకు ఊడి రాకపోతే కొబ్బరినూనె పూసి మళ్ళీ గీకాను. కింద బొమ్మ బయటపడింది. ఇంతింత గీతలతో ఒక కాయితం, అక్షరాలు కిందికి.

తిరుపతి లేచి వచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకుని ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. బల్ల మీదున్న ఒక కాయితం తీసి, అక్షరాలు కిందికి తిప్పి పెట్టి, గద్వాల నంబరు నొక్కాడు. నవీన్ ఫోన్ చేశాడు. అచ్చరాలు మంచిగొచ్చినయి అన్నాడు. ఫోన్ స్పీకర్లో ఉంది.

తిరుపతి కూర్చోలేదు. "ఆ ఆదివారం మీరు నా పక్కనే ఉన్నరు గద మేడం," అన్నాడు.

"ఉన్న."

"వచ్చిందన్నరు."

"వచ్చిందన్న."

'నాకు తెల్వక చేసిన, మీరు తెలిసి చేసిన్రు' అని ఆయన అనొచ్చు. నేనైతే అనేదాన్ని, అందరూ వినేలా అనేదాన్ని. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని మెట్లు దిగి పోయాడు. మూడేళ్ళ బట్టి ఆదివారాలు ఎంతమందివి పంపాడో తలచుకుంటూ పోయి ఉంటాడు. రెండేళ్ళుగా చూడాలనుకున్న ముఖం చూశాను. చూడలేకపోయాను.

మార్చి 5

ఆయన డ్యూటీకి రాలేదు.

మార్చి 6

రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ళ ఆవిడ ఎత్తి, పండుకుండు, మాట్లాడుతలేడు, అంది.

పర్మిషన్ల కాయితంలో తిరుపతి పేరు చేర్చాను. ఎందుకు చేర్చానో నాకే తెలియదు. ఇప్పుడు దానివల్ల ఎవరికి లాభం?

మార్చి 7

అమ్మకు చెప్పాను. మొత్తం చెప్పాను, ఫోన్ సంగతితో సహా. అమ్మ తిట్టలేదు. కొడితే బాగుండేది. చివరికి, "ఆమెకెంతమంది పిల్లలు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "అది గూడ అడగలేదా నువ్వు," అంది.

మార్చి 8, శనివారం. బిజినేపల్లి

ఇల్లు అడిగితే అందరూ చెప్పారు. రేకుల ఇల్లు, ముందర చిన్న అరుగు. దినాల కోసం చుట్టాలు వచ్చి ఉన్నారు. బాలమణి అరుగు మీద కూర్చుని ఉంది. ఇద్దరు పిల్లలు. చిన్నది ఆడపిల్ల, అమ్మ కొంగు పట్టుకుని ఉంది.

నన్ను గుర్తుపట్టింది. "నువ్వు దవాఖాన్ల పిల్లవు గద," అంది.

నా పేరు చెప్పాను. కాయితం తెల్లవైపు పోయేట్టు పెట్టారని, పంపినాయనకి ఆ సంగతి తెలియదని, నాకు తెలుసని చెప్పాను. అంతకు ముందు ఆదివారం నుంచే తెలుసని చెప్పాను. ఆయన నాకు ఫోన్ చేశాడని, నేను చెప్పలేదని, మళ్ళీ చేస్తే ఎత్తలేదని చెప్పాను. ఎందుకని అడిగింది. మా నాన్న సంగతి చెప్పబోయాను. రెండు మాటలు చెప్పాక నాకే సిగ్గేసి ఆపేశాను.

బాలమణి ఏడవలేదు, లేవలేదు. లోపల్నుంచి ఒక ముసలామె ఎవరే అని అడిగితే, ఎవరో అని జవాబిచ్చింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మా తమ్ముడు సామాన్లకని నాగర్‌కర్నూలు పోయిండు. వస్తడు. ఇప్పుడు నాకు చెప్పింది వాని ముంగట ఇంకోపారి చెప్పు. కూసో."

కూర్చున్నాను. నేను లేచి పోకుండా ఉండటానికో ఏమో, నా సంచి తీసి తన పక్కన పెట్టుకుంది. ఈ పుస్తకం, పెన్ను ఇమ్మని అడిగితే తీసి ఇచ్చింది. పెద్ద పిల్లాడు నీళ్ళ చెంబు తెచ్చి నా ముందు పెట్టాడు, తాగలేదు. రోడ్డు మీద ఇప్పుడే ఒక మోటారు సైకిలు ఆగింది. బాలమణి లేచి నిలబడింది.